ఆఖరి నిమిషంలో ఈల ఊదినందుకు

ఈల చేతికొచ్చిన కొత్తలో ఎవరో ఒక పెద్దాయన మిమ్మల్ని పక్కకు పిలిచి ఒక మాట చెబుతాడు. ఆట మొదట్లో ఎంతైనా ఊదు, చివరి నిమిషంలో మాత్రం ఈల జేబులో వేసుకో, గెలుపూ ఓటమీ ఆడేవాళ్ళే తేల్చుకోవాలి, మధ్యలో మనమెవరం అంటాడు. అలా చెప్పేవాడు చెడ్డవాడేమీ కాదు. ఎన్నో మ్యాచ్‌లు నడిపి, ఎన్నో తిట్లు తిని, ఒకటి రెండుసార్లు గోడ దూకి బయటపడ్డవాడై ఉంటాడు. నాకూ ఆ మాట చెప్పారు. నేను వినలేదు. వినకపోతే ఏమవుతుందో మీకు తెలియాలని ఇది రాస్తున్నాను. మిమ్మల్ని భయపెట్టడానికి మాత్రం కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచేవి. గాలి వీచినప్పుడు గుమాస్తాలు కాగితాల మీద రాళ్ళు పెట్టుకుని పనిచేసేవారు. అద్దెకు ఇల్లు దొరకడం గగనం. నేను అక్కడి ఆడపిల్లల హైస్కూలు ఒకదానిలో డ్రిల్ టీచర్‌గా ఉండేదాన్ని. మాది కడప వైపు నేతపని చేసేవాళ్ళ ఊరు. మా నాయన పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాడు కాదు. ఆయన కూతురి ఉద్యోగమేమో పిల్లలచేత గంతులు వేయించడం. నేను బడిలో పనిచేస్తానని మా అమ్మ అందరికీ చెప్పుకునేది గానీ, అక్కడ ఏం చెబుతానో అడిగితే మాట మార్చేది.

మద్రాసులో శిక్షణ పొందేటప్పుడు బాస్కెట్‌బాల్ నేర్చుకున్నాను. ఆట తెలుసు గానీ ఆట నడిపించడం తెలియదు. అది నాకు నేర్పినవాడు మగపిల్లల హైస్కూలు డ్రిల్ మాస్టరు. నాకంటే చాలా పెద్దవాడు. యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. మీసాలు చూసి పిల్లలు భయపడేవారు, దగ్గరికెళ్తే మాత్రం ఆయనకు నవ్వు ఆగేది కాదు. ఒక ఆడది ఈల పట్టుకుంటానంటే ఆ రోజుల్లో చాలామంది నోటికి పైట అడ్డం పెట్టుకుని, లేదా పెట్టుకోకుండానే, నవ్వారు. ఆయన నవ్వలేదు. సాయంత్రాలు పోలీసుల మైదానంలో మగవాళ్ళు ఆడుకుంటుంటే నన్ను గీత పక్కన తన వెంట నిలబెట్టుకునేవాడు. "బంతిని ఊరంతా చూస్తాదిమ్మా. నువ్వు చేతులు చూడు" అన్నాడు మొదటి రోజే. అంతకంటే పనికొచ్చే మాట నాకు మద్రాసులోనూ ఎవరూ చెప్పలేదు.

ఈల జేబులో వేసుకోమని చెప్పిన పెద్దాయనా ఈయనే.

ఆ మాట వెనక ఆయనకొక అనుభవం ఉంది. ఒకసారి ఏదో ఊళ్ళో, ఆట ముగియబోతుండగా ఫౌల్ ఇచ్చాడట. ఆతిథ్యమిచ్చిన జట్టు దాంతో ఓడిపోయింది. జనం కోర్టులోకి దూరి స్తంభాలు పీకేశారు. ఆయన్ను ఒక తరగతి గదిలో పెట్టి తలుపు గడియ వేస్తే, పోలీసులు వచ్చేదాకా బయట రాళ్ళు పడుతూనే ఉన్నాయి. దానికి ఆయన భయపడలేదంటాడు, యుద్ధం చూసినవాడు కాబట్టి నేనూ నమ్ముతాను. ఆయన్ను బాధపెట్టింది వేరే. మర్నాడు ఊరంతా ఆయన గురించే మాట్లాడుకుంది, అంత బాగా ఆడిన పిల్లల గురించి ఒక్కరూ మాట్లాడలేదట. ఆటను తానే మింగేశానని ఆయనకు అనిపించింది. అప్పటినుంచి చివరి నిమిషంలో చెయ్యి విరిగితే తప్ప ఊదకూడదని నియమం పెట్టుకున్నాడు.

దీని మీద మేమిద్దరం చాలాసార్లు వాదించుకున్నాం. ఊదకపోవడం కూడా ఊదినట్టే కదా సార్ అనేదాన్ని. చెయ్యి పట్టి లాగినవాళ్ళకు మనం ఊరుకుని ఆట ఇచ్చేసినట్టే కదా, అప్పుడూ మనమే మింగినట్టు కదా అని. ఆయన మీసం సవరించుకుని, నీకింకా రాళ్ళు పడలేదు, పడినాక మాట్లాడదాం అనేవాడు.

ఆ సంవత్సరం జిల్లాల మధ్య ఆడపిల్లల పోటీలు కర్నూల్లోనే పెట్టారు. ఫైనల్‌కు కర్నూలు స్కూలొకటి, కడప స్కూలొకటి వచ్చాయి. కర్నూలు జట్టు మా స్కూలుది కాదు, నాకు ఆ పిల్లలతో సంబంధం లేదు. ఆడపిల్లల ఆట కాబట్టి ఇద్దరు రెఫరీల్లో ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని కమిటీవాళ్ళు నన్ను వేశారు. రెండోవాడు ఆ మాస్టరే. నేను కడప వైపు పుట్టినదాన్నని ఒకరిద్దరు గొణిగితే, ఆమె సంగతి నాది అని ఆయన పూచీపడ్డాడు.

కర్నూలు కెప్టెన్ గురించి చెప్పాలి. రాజధానితోపాటు ఊళ్ళోకి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు కూతురు. పొడవైన పిల్ల. లంగా ఓణీ బిగించి కట్టుకుని పరిగెడుతుంటే మట్టి కోర్టు కూడా బాగున్నట్టు కనబడేది. బంతి చేతికొస్తే ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతు చిక్కేది కాదు. ఆ పిల్ల ఆట నాకు చాలా ఇష్టం. తర్వాత జరిగింది విన్నవాళ్ళు ఇది నమ్మరు. నమ్మకపోతే నేనేం చేయలేను.

కడప జట్టులో ఒక చిన్న పిల్ల ఉండేది. రైతుల ఇంటి పిల్ల, నల్లగా, సన్నగా, చురుగ్గా. నంద్యాల మీదుగా బస్సులో వచ్చిన దుమ్ము ఇంకా జడలో ఉంది. పెద్దవాళ్ళ చేతుల కింద నుంచి దూరిపోవడం ఆమె విద్య.

మైదానం చుట్టూ కడప బండలు పరిచి కూర్చోవడానికి చోటు చేశారు. ఒక వైపు షామియానా, అందులో ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు. జనం చెట్లూ గోడలూ కూడా ఎక్కారు. కర్నూలు వైపు అరుపులకు నా ఈల నాకే వినబడని పరిస్థితి. రెండు జట్లూ బాగా ఆడాయి. నేనూ మాస్టరూ ఎవరికి కనబడింది వాళ్ళం ఊదుకుంటూ పోయాం. చివరికొచ్చేసరికి కర్నూలుకు ఒక్క పాయింటు ఎక్కువుంది. టైము చూసే ఆయన గడియారం ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో గంట కొట్టే ఇనుప కమ్మీ తీసుకుని లేచి నిలబడ్డాడు. అంటే ఇక క్షణాలే.

కడప వాళ్ళు బంతిని అటు నుంచి ఇటు అందించారు. ఆ చిన్న పిల్ల రింగు కిందకు దూరి, బంతి అందుకుని ఎగిరింది. కర్నూలు కెప్టెన్ వెనక నుంచి వచ్చి ఆమె మణికట్టు మీద కొట్టింది. బంతి మీద కాదు, మణికట్టు మీద. ఆ దెబ్బ చప్పుడు అంత గోలలోనూ నాకు వినబడింది. బంతి రింగు అంచుకు తగిలి పక్కకు పడింది.

నేను ఊదాను.

ఆలోచించి ఊదానని చెప్పను. చూశాను, ఊదాను. ఊదిన తర్వాత తల ఎత్తితే రింగుకు అవతలి పక్క మాస్టరు కనబడ్డాడు. ఈల ఆయన పెదవుల మధ్యే ఉంది. ఊపిరి మాత్రం వదల్లేదు. నన్నే చూస్తున్నాడు.

ఆ రోజుల్లో ఫౌల్ చేసినవాళ్ళు చెయ్యి పైకెత్తి ఒప్పుకోవాలి. చెయ్యెత్తు పాపా అన్నాను. నేనేం చేయలేదు టీచర్ అంది కెప్టెన్. కోపంగా కూడా అనలేదు, ఆశ్చర్యంగా అంది. మళ్ళీ చెప్పాను. ఆ పిల్ల షామియానా వైపు చూసింది. మైదానమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మూడోసారి నేను నోరు విప్పలేదు, ఊరికే నిలబడ్డాను. ఆ పిల్ల భుజం దాకా చెయ్యెత్తి దించేసింది. అప్పుడు మొదలయ్యాయి అరుపులు.

చిన్న పిల్లకు రెండు ఫ్రీ త్రోలు. ఒకటి వేస్తే సమానం, రెండూ వేస్తే గెలుపు. మొదటి బంతి రింగు ముందు అంచుకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. రెండోది రింగు చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి, లోపలికి పోకుండా బయటికి జారింది. కర్నూలు పిల్లలు బంతి అందుకున్నారు, గంట మోగింది. కర్నూలు గెలిచింది.

గెలిచారు కదా, ఇక నా సంగతి మరిచిపోతారనుకున్నాను. అంత అమాయకురాలిని. "కడపామెను బయటికి పంపండప్పా" అని ఎవరో అరిచారు. ఒక చెప్పు వచ్చి కోర్టులో పడింది. నాకు తగల్లేదు. గెలిచిన జట్టు జనం ఓడిన జట్టు జనం కంటే ఎక్కువ కోపంగా ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. మాస్టరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గెలిచినవాళ్ళు కప్పు తీసుకుని, జనమంతా వెళ్ళేదాకా కదల్లేదు.

నీళ్ళ కాగుల వెనక కడప చిన్న పిల్ల కూర్చుని ఏడుస్తోంది. ఓదారుద్దామని పోయాను. నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఏంటికి ఊదినావు టీచర్?" అంది. "నువ్వు ఊదకుంటే, ఆ యమ్మి కొట్టింది, అందుకే ఓడిపోయినామని చెప్పుకుంటాంటిమి. ఇప్పుడు నా వల్లే ఓడినామంటారు. ఊరికి ఎట్ల పోయేది నేను?"

షామియానాలో వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు పట్టలేదు గానీ, ఈ మాట మాత్రం సూటిగా తగిలింది. న్యాయం చేశాననుకున్నదాన్ని. ఆ న్యాయం ఈ పిల్ల నెత్తిన బండలాగా పడింది. ఆమె చెప్పిందీ నిజమే. కర్నూలు అన్యాయం చేసిందనే కథ ఆమెకు ఇంటిదాకా తోడు వచ్చేది. ఆ కథను నేను లాక్కున్నాను.

అయినా తప్పు ఒప్పుకోలేదు. "నీ చెయ్యి కొట్టినారు కాబట్టి ఊదినా. ఆ రెండు బంతులు వేసేటప్పుడు నీ చెయ్యి ఎవురూ పట్టుకోలా. అంతవరకే పాపా నా పని. ఆడికాడ్నుంచి నీది" అన్నాను. ఆ పిల్ల నన్ను కొరికేసేలా చూసి వెళ్ళిపోయింది. మరీ కఠినంగా మాట్లాడావని తర్వాత చాలామంది అన్నారు. ఏమో, మెత్తగా చెప్పే అబద్ధం ఒకటి ఆ క్షణంలో నాకు దొరకలేదు. దొరికినా చెప్పేదాన్ని కాదు.

వారం తిరక్కముందే కబురొచ్చింది. కర్నూలు జట్టు స్కూలు హెడ్మిస్ట్రెస్ గదిలో విచారణ. ఆవిడ, పోటీల కమిటీ కార్యదర్శి, విద్యాశాఖ నుంచి ఒక అధికారి కూర్చున్నారు. కెప్టెన్ తండ్రి రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అన్నట్టు కూడా నేనెన్నడూ వినలేదు. ఆయన అనాల్సిన అవసరం రాకుండా చూసుకునేవాళ్ళు చుట్టూ కావలసినంతమంది ఉన్నారు.

నేరం ఏమిటంటే, మర్యాదస్తుల ఆడపిల్లచేత నలుగురి ముందు చెయ్యెత్తించాను. చేయని తప్పు ఒప్పించాను. సొంత జిల్లా మీద మమకారంతో ఊదాను. పొరపాటు పడ్డానని రాసిచ్చి క్షమాపణ చెబితే ఇంతటితో పోతుంది. హెడ్మిస్ట్రెస్ ఇదంతా మంచిగానే చెప్పింది. నాకు కాఫీ కూడా తెప్పించింది.

నేను పొరపాటు పడలేదన్నాను. అప్పుడు మాస్టరును లోపలికి పిలిచారు. ఆయన అభిప్రాయం ఏమిటో ఊళ్ళో ఆటలు తెలిసినవాళ్ళందరికీ తెలుసు. చివరి నిమిషంలో ఆయన ఊదడు. కాబట్టి తమవైపే మాట్లాడతాడని వాళ్ళు ధైర్యంగా ఉన్నారు. నిజం చెబితే నాకూ ఆ అనుమానం ఉంది.

"మీరు రింగు దగ్గరే ఉన్నారు కదా, ఫౌల్ జరిగిందా?" అని అడిగాడు అధికారి.

"జరిగింది సార్. నేనూ చూసినా" అన్నాడు ఆయన.

"మరి మీరు ఊదలేదే?"

"నేను ఊదను సార్, ఆఖర్లో. అది నా పద్ధతి. ఈ టీచరమ్మ ఊదింది. ఈమె పద్ధతి శానా కష్టమైంది. తప్పు మాత్రం కాదు."

తన పద్ధతి విడిచిపెట్టకుండానే నా పక్కన నిలబడిన మనిషిని నేను ఆయనకు ముందు గానీ తర్వాత గానీ చూడలేదు. నన్ను సమర్థించడానికి నాతో ఏకీభవించాల్సిన పనిలేదని ఆయనకు తెలుసు. ఇది చాలామందికి తెలియదు.

ఇక ఫౌల్ జరగలేదనడానికి వీల్లేకపోయింది. అధికారి దారి మార్చాడు. సరేనమ్మా, జరిగిందే అనుకుందాం, కానీ దేనికైనా సమయం సందర్భం ఉండాలి కదా, చివరి క్షణాల్లో కొంచెం విచక్షణ చూపాలి కదా, ఇకనుంచి అలా చూపుతానని రాసివ్వు చాలు అన్నాడు. క్షమాపణ మాట కూడా తీసేస్తామన్నాడు. కార్యదర్శి అప్పుడే కలం మూత తీశాడు.

నాకు కోపం రాలేదు. విచిత్రంగా, చాలా తేలికగా అనిపించింది.

"రాసిస్తాను సార్. కాకపోతే ముందు మీరొకటి చెప్పాల" అన్నాను. "ఆట మొదలైనప్పుడు చెయ్యి మీద కొడితే తప్పు. మధ్యలో కొడితే తప్పు. ఆఖర్లో కొడితే తప్పు కాదంటాండారు. యాడ్నుంచి తప్పు కాకుండా పోతాదో ఆ గడియ చెప్పండి. పిల్లలకు కూడా ముందే చెబుతాను, ఇంగ ఈడ్నుంచి కొట్టుకోవచ్చని. ఆ గడియకు ఈల కింద పెట్టేస్తాను."

అధికారి కార్యదర్శిని చూశాడు. కార్యదర్శి హెడ్మిస్ట్రెస్‌ను చూశాడు. ఒక నిమిషం అనలేరు, అరనిమిషం అనలేరు. ఏదో ఒకటి అనేస్తే అది నియమమై కూర్చుంటుంది. అప్పుడు వాళ్ళ పిల్లల చేతుల మీద కూడా దెబ్బలు పడతాయి. కార్యదర్శి కలానికి మూత పెట్టేశాడు. నేను లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చాను. కాఫీ చల్లారిపోయింది, తాగలేదు.

మాస్టరు గేటు దగ్గర నాకోసం ఆగి ఉన్నాడు. ఇద్దరం కలిసి నడిచాం. ఇక మ్యాచ్‌లు ఇవ్వరమ్మా అన్నాడు. ఇవ్వకపోతే పోనీ సార్ అన్నాను. ఆ రోజు మీరు ఎందుకు ఊదలేదు, నిజంగా పద్ధతేనా అని అడగాలనిపించింది. అడగకముందే ఆయనే చెప్పాడు. ఊదాలనే ఈల పెట్టుకున్నాడట. ఊపిరి కూడా తీశాడట. అంతలో నా ఈల వినబడిందట. వినబడకపోతే ఊదేవాడినో లేదో ఇప్పటికీ తెలియడం లేదమ్మా అన్నాడు. ఆ తర్వాత ఈ విషయం మా మధ్య రాలేదు. ఆ ఏడు ఆయనకూ మ్యాచ్‌లు ఇవ్వలేదు. నా వల్లేనని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

నన్ను ఆత్మకూరుకు బదిలీ చేశారు. పరిపాలనా సౌలభ్యం కోసమట. నల్లమల అడవికి దగ్గర. అక్కడి బడిలో ఆడపిల్లలు తక్కువ, ఆట స్థలమంటే ముళ్ళకంపలు కొట్టేసిన ఖాళీ నేల. నేను ఏడుస్తానని ఎవరైనా అనుకుని ఉంటే వాళ్ళకు నిరాశే. కమ్మరిచేత పాత ఎడ్లబండి చక్రం పట్టా కోయించి రింగు చేయించాను. అడవి నుంచి వచ్చిన దుంగను పాతించాను. మొదట్లో పిల్లలు ఆ రింగులోకి రాళ్ళు విసిరేవారు. తర్వాత బంతి విసిరారు. ఈ ఆట ఏమిటో తెలియని ఆ ఊళ్ళో ఒక మంచి సంగతి ఉంది. చివర్లో ఊదకూడదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు ఊదినా, తప్పు చేసినవాడు టక్కున చెయ్యెత్తేవాడు.

నాలుగు ఎండాకాలాలు గడిచాయి. రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలూ పోయాయి, ఆఫీసర్లూ పోయారు, ఆ కెప్టెన్ కూడా ఎక్కడికో పోయింది. ఎక్కడున్నా ఆడుతూ ఉండాలని కోరుకున్నాను.

అప్పుడు కడప నుంచి పిలుపొచ్చింది. అక్కడ రెండు ఆడపిల్లల జట్లకు ఫైనల్. అంతకుముందు ఏడాది అవే జట్లు తలపడి, చివరి నిమిషంలో ఒకరినొకరు తోసుకుని, జుట్లు పట్టుకుని, పంచాయితీ పోలీసుల దాకా పోయిందట. ఈసారి రెండు జట్లవాళ్ళూ విడివిడిగా ఒకే షరతు పెట్టారు. చివరిదాకా ఊదే ఆమెను పిలిస్తేనే ఆడతాం అన్నారు. ఇందులో నా గొప్పేమీ లేదు. నా మీద ప్రేమతో కాదు, అవతలివాళ్ళ మీద భయంతో పిలిచారు. అయినా వెళ్ళాను. రెఫరీని ప్రేమతో ఎవరూ పిలవరు. పిలిస్తే అనుమానించాలి.

ఆట హోరాహోరీగా సాగింది. ఇక్కడా ఒక్క పాయింటు తేడాతోనే చివరికొచ్చింది. ఇద్దరు పిల్లలు ఒకే బంతికి ఎగిరారు. భుజం భుజం రాసుకుంది, దుమ్ము లేచింది, ఇద్దరూ కిందపడ్డారు. నేను వాళ్ళ చేతుల వైపే చూస్తున్నాను. నాలుగు చేతులూ బంతి మీదే పడ్డాయి. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, పట్టలేదు. వెనకబడ్డ జట్టువాళ్ళంతా లేచి ఫౌల్ ఫౌల్ అని అరిచారు. నేను ఊదలేదు. గంట మోగింది.

ఈల మెడలోంచి తీసి బయటికి వస్తుంటే, గోడ మీద కూర్చున్న ఒకాయన పక్కవాడితో నాకు వినబడేలాగే అన్నాడు: "ఆత్మకూరు పోయొచ్చినాక టీచరమ్మకు బుద్ధొచ్చినట్టుండాది."

ఆగి ఆయనకు జవాబు చెబుదామనుకుని, అనవసరమనిపించి నడిచాను. మీకు మాత్రం చెబుతాను. ఆ రోజు తప్పు జరగలేదు, అందుకే ఊదలేదు. జరిగి ఉంటే, ఆత్మకూరుకంటే దూరం ఊరు చూపించినా సరే, ఊదేదాన్నే.